తంగేడు: తుమ్మెదల తోటకు దేశవాళీ పూలపొద

తంగేడు దక్కన్ మెట్ట నేలల్లో సహజంగా పెరిగే బహువార్షిక పూలపొద. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. చిక్కుడు, కంది, చింత ఉన్న ఫాబేసీ కుటుంబమే దీనిదీ. రాళ్ళ గుట్టల మీద, చెరువు కట్టల మీద, పొలం గట్ల వెంట, రైలు పట్టాల పక్కన ఎవరూ నాటకుండానే మొలిచి, వానాకాలం చివరికల్లా పసుపుపచ్చని పూలతో నిండిపోతుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా, బతుకమ్మ పువ్వుగా దీని పేరు అందరికీ తెలుసు. పరాగ సంపర్కం జరిపే కీటకాల కోసం ఇళ్ళ దగ్గర, బడుల్లో, ఉద్యానవనాల్లో తోటలు వేసేవారు ఇటీవల దేశవాళీ మొక్కల వైపు మొగ్గుతున్నారు. అలాంటి తోటకు తంగేడు చక్కగా సరిపోతుంది. అయితే దీని పువ్వులో మకరందం ఉండదు. పుప్పొడి ఉన్నా అది ప్రతి కీటకానికీ అందదు. తంగేడును ఎక్కడ నాటాలి, పక్కన ఏం పెంచాలి, ఆకులు పురుగు తింటే ఏం చేయాలి అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు ఈ లక్షణంలోనే దొరుకుతుంది.

పేర్లు, వర్గీకరణ

తెలుగులో తంగేడు, తంగెడు అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. తమిళంలో ఆవారై, హిందీలో తర్వర్, మరాఠీలో తరవడ్, సింహళంలో రణవర అంటారు. లిన్నేయస్ 1753లో దీనికి కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. సెన్నా ప్రజాతి కిందికి మార్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి కాకముందు అతడు సామర్లకోటలో ఉండి కోస్తా జిల్లాల మొక్కలను పరిశీలించాడు. అతడి ‘ఫ్లోరా ఇండికా’ మరణానంతరం 1832లో పూర్తిగా అచ్చయింది. ఆ తర్వాత కూడా చాలాకాలం వృక్షశాస్త్ర గ్రంథాల్లో కాసియా పేరే నడిచింది. న్యూయార్క్ వృక్షోద్యాన శాస్త్రజ్ఞులు ఇర్విన్, బార్నబీ 1982లో పాత కాసియా ప్రజాతిని మూడుగా విడగొట్టాక సెన్నా పేరు స్థిరపడింది. పాత ఆయుర్వేద, సిద్ధ గ్రంథాల అనువాదాల్లోనూ, నర్సరీ చీటీల మీదా కాసియా ఆరిక్యులేటా అని కనిపిస్తే అది ఈ మొక్కే.

రూపం

సాధారణంగా ఒకటి నుంచి మూడు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. మొదలు నుంచే కొమ్మలు వేసి గుబురుగా ఉంటుంది. బెరడు దాల్చినచెక్క రంగులో నున్నగా ఉంటుంది. ప్రతి ఆకులోనూ ఎనిమిది నుంచి పన్నెండు జతల పత్రకాలు ఉంటాయి, చివర ఒంటి పత్రకం ఉండదు. జతకూ జతకూ నడుమ ఈనె మీద సన్నని గ్రంథి నిలబడి కనిపిస్తుంది. ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో వెడల్పాటి పుచ్ఛాలు రెండు ఉంటాయి. ఇవి రాలిపోకుండా నిలిచి ఉంటాయి గనుక పూలు లేని కాలంలోనూ మొక్కను గుర్తుపట్టడం తేలిక.

పూలు కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. ఒక్కో పువ్వు సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఐదు ఆకర్షణ పత్రాలు, అంచులు ముడతలు పడి, సన్నని ఈనెలతో ఉంటాయి. కాయలు పలచగా, బల్లపరుపుగా, కాగితంలా ఉండి ఎండితే గోధుమరంగుకు తిరుగుతాయి. కాయకు పన్నెండు నుంచి ఇరవై గింజలు ఉంటాయి. నీటి వసతి ఉన్నచోట ఏడాది పొడవునా అక్కడక్కడా పూస్తుంది కానీ అసలు పూత ఆగస్టు నుంచి నవంబరు వరకు.

తంగేడుగా పొరబడే మొక్కలు కొన్ని ఉన్నాయి. రోడ్ల పక్కన నీడ కోసం పెంచే సీమ తంగేడు ఆగ్నేయాసియా నుంచి వచ్చిన చెట్టు. దాని పూలు కూడా పసుపే, కానీ అది నిలువెత్తు దాటి పెద్ద వృక్షమవుతుంది, చెవుల్లాంటి పుచ్ఛాలు ఉండవు. చేలలో కలుపుగా మొలిచే తగిరిస, కసివింద సెన్నా ప్రజాతివే అయినా పొట్టి మొక్కలు. రేల చెట్టు దగ్గరి బంధువు, దాని పూలు వేలాడే గుత్తులు. నర్సరీలో ‘కాసియా’ అని అడిగితే వీటిలో ఏదైనా చేతికి రావచ్చు. పుచ్ఛాలు చూసి తీసుకోవాలి.

విస్తరణ, నేలలు

దక్షిణ, మధ్య భారతం, రాజస్థాన్, శ్రీలంక దీని సహజ నివాసాలు. తెలంగాణ, రాయలసీమ, తమిళనాడు లోతట్టు జిల్లాల ఎండు నేలల్లో విస్తారంగా కనిపిస్తుంది. ఎర్ర చెలక, గరప నేల, నల్లరేగడి, రాతి పగుళ్ళు ఎక్కడైనా పెరుగుతుంది. లోతుకు దిగే తల్లివేరు ఎండాకాలంలో మొక్కను కాపాడుతుంది. పశువులు సాధారణంగా దీన్ని మేయవు. అందుకే మేత ఒత్తిడికి తక్కిన మొక్కలు పోయిన బీడులో సైతం తంగేడు మిగులుతుంది. చిక్కుడు కుటుంబంలోదే అయినా సెన్నా మొక్కల వేళ్ళకు సాధారణంగా నత్రజనిని పట్టే బుడిపెలు ఏర్పడవు. నేలకు దీనివల్ల వచ్చే సారం రాలిన ఆకు ద్వారానే. వరి మళ్ళలో తంగేడు రొట్ట తొక్కే పాత అలవాటు దాని మీద ఆధారపడినదే.

పువ్వు పనితీరు

తంగేడు పువ్వులో పది కేసరాలు ఉంటాయి, మూడు రకాలుగా. పైన ఉన్న మూడు చిన్నవి, వంధ్యమైనవి. నడుమ నాలుగు మధ్యరకం. కింద ఉన్న మూడు పొడవుగా, వంపు తిరిగి ఉంటాయి. చాలా పూలలో పరాగకోశం నిలువుగా చీలి పుప్పొడి బయటపడుతుంది. ఇందులో అలా కాదు. కోశం కొసన చిన్న రంధ్రాలు మాత్రమే తెరుచుకుంటాయి. పుప్పొడి పొడిగా లోపలే ఉండిపోతుంది.

దాన్ని బయటికి రప్పించే పని తుమ్మెదలది. జైలోకోపా ప్రజాతికి చెందిన పెద్ద నల్ల తుమ్మెద పువ్వును కాళ్ళతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రం సెకనుకు వందల సార్లు కంపింపజేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి, ఉప్పుడబ్బా మూత కన్నాల్లోంచి రాలినట్టు, కోశాల కొసల నుంచి చిమ్ముతుంది. తోటలో నిలబడితే ఆ ఝుంకారం ఎగిరేటప్పటి చప్పుడు కన్నా సన్నగా, తెగి తెగి వినిపిస్తుంది. ఈ విధానాన్ని కంపన పరాగ సంపర్కం అనవచ్చు. ప్రపంచంలో సుమారు 20,000 జాతుల పూలు ఇలా రంధ్రాల కోశాలతో ఉన్నాయని అంచనా. టొమాటో, వంగ పూలు కూడా కంపనంతోనే పుప్పొడి వదులుతాయి.

కేసరాల్లో రకాలు ఎందుకన్న ప్రశ్న చార్లెస్ డార్విన్‌నూ వేధించింది. 1880లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్ దీనికి పని విభజన అనే వివరణ ఇచ్చాడు. నడుమ కేసరాల పుప్పొడి తుమ్మెదకు ఆహారం. కింది పొడవాటి కేసరాల పుప్పొడి తుమ్మెద తుడుచుకోలేని చోట, ఒంటి పక్కన అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది. కీలం కూడా నిటారుగా ఉండదు. కొన్ని పూలలో ఎడమకు, కొన్నింటిలో కుడికి వంగి ఉంటుంది, ఒకే మొక్క మీద రెండు రకాలూ కనిపిస్తాయి. ఒక పక్కకు వంగిన పువ్వులో అంటిన పుప్పొడి, మరో పక్కకు వంగిన పువ్వు కీలాగ్రానికి తగిలేందుకు ఈ అమరిక వీలు కల్పిస్తుంది.

నీలి చారల అమెజిల్లా తేనెటీగలు కూడా కంపనం చేయగలవు. తేనె పెట్టే ఏపిస్ జాతులకు, అంటే కొండ తేనెటీగకూ జుంటి తేనెటీగకూ, ఆ విద్య లేదు. అవి తంగేడు మీద వాలితే తుమ్మెదలు రాల్చి వదిలిన పుప్పొడిని ఏరుకుంటాయి. ఇంటి తోటలో తేనెపట్టు పెంచాలనుకునేవారికి తంగేడు ఒక్కటే చాలదన్నది ఇక్కడే తెలుస్తుంది.

మకరందం పువ్వులో లేకపోయినా మొక్కలో ఉంది. ఆకు ఈనె మీది గ్రంథులు తియ్యని ద్రవాన్ని ఊరిస్తాయి. దాని కోసం చీమలు వస్తాయి. చీమలు తిరిగే మొక్క మీద ఆకు తినే పురుగులకు అంత స్వేచ్ఛ ఉండదు. చీమలను చూసి మొక్కకు తెగులు పట్టిందని మందు కొట్టడం పొరపాటు.

ఆకు మీద బతికే సీతాకోకచిలుకలు

తోటకు తంగేడు చేసే రెండో మేలు ఆకులోనే ఉంది. మాటిల్డ్ ఎమిగ్రంట్, కామన్ ఎమిగ్రంట్, కామన్ గ్రాస్ యెల్లో అనే సీతాకోకచిలుకలు సెన్నా, కాసియా జాతుల లేత ఆకుల మీద గుడ్లు పెడతాయి. మొదటి రెండూ పాలిపోయిన ఆకుపచ్చ, తెలుపు, నిమ్మపండు రంగుల్లో ఉండి వేగంగా ఎగురుతాయి. కొన్ని కాలాల్లో గుంపులుగా ఒకే దిక్కుకు వలస పోతాయి. మూడోది చిన్నది, పసుపు రంగుది, నేలకు దగ్గరగా తిరుగుతుంది.

ఎమిగ్రంట్ గుడ్డు తెల్లగా, బియ్యపుగింజ కన్నా సన్నగా, ఆకు మీద నిలబడి ఉంటుంది. గొంగళి ఆకుపచ్చగా, పక్కన ఒక లేతరంగు గీతతో ఉంటుంది. ఆకు ఈనె వెంట పడుకుంటే కంటికి ఆనదు. కోశస్థ దశలో కొమ్మకు పట్టుదారంతో నడుం కట్టుకుని, ముడుచుకున్న ఆకులా కనిపిస్తుంది. వారం పది రోజుల్లో రెక్కల పురుగు బయటికి వస్తుంది. ఏపుగా ఉన్న పొద మీద గొంగళ్ళు ఎన్ని ఆకులు తిన్నా మొక్క చావదు, కొత్త చిగుళ్ళు వేస్తుంది. మామూలు పూలతోటలో ఆకు చిల్లు పడితే లోపంగా లెక్కిస్తారు. ఈ తోటలో చిల్లు పడని తంగేడే ఆలోచించాల్సిన విషయం: చుట్టుపక్కల మందు ఎక్కువగా వాడుతున్నారేమో, గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు ఆ ప్రాంతానికి రావడం లేదేమో చూడాలి.

పెంపకం

విత్తనం: గోధుమరంగు తిరిగిన కాయలు చలికాలంలో సేకరించాలి. ఒకే పొదను ఖాళీ చేయకుండా పదింటి నుంచి కొద్దికొద్దిగా తీసుకుంటే గింజల్లో వైవిధ్యం ఉంటుంది, అక్కడి పొదలకూ గింజ మిగులుతుంది. గింజలను పుచ్చు పురుగు తొలుస్తుంది కనుక చిల్లు ఉన్నవి ఏరి పారేయాలి. మంచివి ఎండబెట్టి గాలి చొరని సీసాలో దాస్తే వచ్చే తొలకరి దాకా పాడవవు.

మొలక: గింజ పైతోలు గట్టిది, నీరు చొరనివ్వదు. అలాగే చల్లితే కొన్ని ఆ ఏడాది మొలుస్తాయి, మిగిలినవి మట్టిలో ఉండిపోయి తర్వాతి వానలకు లేస్తాయి. బీడులో ఈ గుణం మొక్కకు లాభం, కుండీలో పెంచేవారికి చిక్కు. రెండు పద్ధతులు పనిచేస్తాయి. కొద్ది గింజలైతే ఉప్పుకాగితం మీద ఒక పక్క రుద్ది, లోపలి లేత రంగు కనబడగానే ఆపి, రాత్రంతా నానబెట్టాలి. ఎక్కువైతే నీళ్ళు మరిగించి, దించి, ఒకటి రెండు నిమిషాలు ఆగి గింజలు వేసి, ఆ నీళ్ళలోనే తెల్లారేదాకా ఉంచాలి. ఉబ్బినవి విత్తుకోవచ్చు, ఉబ్బనివాటికి మళ్ళీ అదే పని చేయాలి. పొయ్యి మీద ఉడికించకూడదు.

నారు: ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి లోతైన సంచుల్లో నింపాలి. గింజను సెంటీమీటరు లోతున పెట్టి తడి ఆరకుండా చూస్తే ఒకటి రెండు వారాల్లో మొలకెత్తుతుంది. తల్లివేరు త్వరగా సంచి అడుగుకు చేరుతుంది. అక్కడ మెలి తిరిగితే మొక్క నేలలోకి వెళ్ళాక కూడా సరిగా కుదురుకోదు. కాబట్టి చిన్నగా ఉండగానే నాటాలి. బీడులోంచి పెద్ద మొక్కను పెకలించి తెస్తే వేరు తెగి చాలావరకు చనిపోతుంది. వీలైతే తొలకరికి నేరుగా గింజ విత్తడమే మేలు.

నాటడం: జూన్, జూలై నెలలు అనువైనవి. రోజంతా ఎండ తగిలే చోటు కావాలి. నీడలో మొక్క సాగి, పూత తగ్గుతుంది. మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల ఎడం ఉంచాలి. గుంట మోకాలు లోతు చాలు. తవ్విన మట్టినే తిరిగి నింపాలి, రసాయన ఎరువు అవసరం లేదు. నీరు నిలిచే నేల అయితే మట్టి ఎత్తు చేసి దాని మీద నాటాలి. ఒంటరి మొక్క కన్నా మూడు నాలుగు పొదలు దగ్గరగా ఉంటే తుమ్మెదలు తరచుగా వస్తాయి. మిద్దె మీద పెంచాలంటే సగానికి కోసిన డ్రమ్ము లాంటి లోతైన తొట్టి, అడుగున నీరు పోయే కన్నాలు ఉండాలి.

నీరు: మొదటి ఏడాది వానలు వెనుకబడినప్పుడు, తొలి ఎండాకాలంలోనూ వారానికోసారి బాగా తడిపితే చాలు. వేరు దిగాక నీటి అవసరం దాదాపు ఉండదు. రోజూ నీళ్ళు పోసే పచ్చిక పక్కన నాటితే వేరు కుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది. డ్రిప్పు పైపు కింద తంగేడును పెట్టకూడదు.

కత్తిరింపు: రెండో ఏడాదికల్లా పూత మొదలవుతుంది. కాయలు రాలాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మలను మోకాలి ఎత్తుకు కత్తిరిస్తే మొదలు నుంచి బలమైన కొత్త చిగుళ్ళు వస్తాయి. పాత రోజుల్లో తోళ్ళు పదును చేసే చెక్క కోసం ఏటేటా కొట్టినా పొదలు తిరిగి లేచింది ఈ గుణం వల్లనే. అన్ని పొదలనూ ఒకేసారి కత్తిరించకుండా సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు చేస్తే గుడ్లు పెట్టేందుకు ఆకు ఎప్పుడూ దొరుకుతుంది.

చీడపీడలు: పిండినల్లి కొమ్మల మీద చేరితే నీటిధారతో కడగాలి, లేదా ఆ కొమ్మ కోసేయాలి. గాలి ఆడని చోట చలికాలంలో బూడిద తెగులు కనిపించవచ్చు, ఎడం పెంచితే తగ్గుతుంది. పురుగుమందు వాడకూడదు. సేంద్రియమని వేపనూనె చల్లినా గొంగళ్ళు చస్తాయి.

పక్కన పెంచదగిన మొక్కలు

తంగేడు పుప్పొడి ఇస్తుంది, ఆకు ఇస్తుంది. మకరందం పక్క మొక్కలు ఇవ్వాలి. తుమ్మెదకు పిల్లల మేత కోసం పుప్పొడి, ఎగరడానికి కావలసిన శక్తి కోసం మకరందం రెండూ కావాలి. ఈ లెక్కన తంగేడుకు సరైన జోడీ జిల్లేడు. దాని పూల మకరందానికి అవే పెద్ద తుమ్మెదలు వస్తాయి, పరాగ సంపర్కమూ జరుపుతాయి. జిల్లేడు ఆకు మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. అయితే జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక పిల్లలు తిరిగే దారికి దూరంగా ఉంచాలి. చిన్న తేనెటీగలకు తుమ్మి, వెంపలి అనుకూలం. చలికాలంలో ముళ్ళగోరింట, వానల చివర గునుగు పూతను కొనసాగిస్తాయి. మకరందం కోసమని లాంటానా నాటడం మంచిది కాదు. సీతాకోకచిలుకలు వాలే మాట నిజమే కానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చి మన అడవులను ఆక్రమించిన మొక్క.

పూలు ఉంటే చాలదు, గూడు కూడా కావాలి. పెద్ద తుమ్మెదలు ఎండు కొయ్యలో, వెదురు బొంగులో తొలుచుకుని పిల్లల్ని పెంచుతాయి. ఎండిన మోడునో, రెండు మూడు వెదురు ముక్కలనో తోటలో వదిలేయాలి. అమెజిల్లాలు మట్టిలో గూడు చేస్తాయి. నేలంతా బండలు పరవకుండా కొంత మట్టిని ఖాళీగా ఉంచాలి. పెరట్లో వంగ, టొమాటో వేసేవారికి ఇందులో అదనపు లాభం ఉంది. తంగేడు దగ్గరికి అలవాటుపడిన తుమ్మెదలు ఆ పూలనూ కదిపి పోతాయి.

ఉపయోగాలు, సంస్కృతి

తంగేడు చెక్కలో సుమారు 18 శాతం టానిన్ ఉంటుంది. దీనితో మేక, గొర్రె, ఆవు తోళ్ళను పదును చేసి మద్రాసు రేవు నుంచి ఎగుమతి చేసేవారు. ‘ఈస్ట్ ఇండియా తోలు’ అన్న పేరు అలా వచ్చింది. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి కావడంతో తంగేడు వాడకం తగ్గింది. పుల్లను పళ్ళు తోముకునేందుకు వాడతారు. ఎండు పూలను తమిళనాడులో, రణవర పేరుతో శ్రీలంకలో కాచి తాగుతారు. సిద్ధ, ఆయుర్వేద వైద్యాల్లో మధుమేహానికి వాడుక ఉంది. దాన్ని చూసి వైద్యుడు రాసిన మందు మానేయకూడదు.

బతుకమ్మ మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. ఆ తొమ్మిది రోజులూ తంగేడు పూత నిండుగా ఉండే కాలమే. తాంబాళంలో గునుగు, తంగేడు వరుసలుగా పేర్చి మధ్యలో తక్కిన పూలు చేరుస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. తమిళనాట పొంగల్ ముందురోజు ఆవారం పూలను వేప రెమ్మలతో కలిపి ఇంటి చూరుకు కడతారు.

ఒత్తిళ్ళు, సంరక్షణ

తంగేడు అరుదైన మొక్క కాదు. తగ్గుతున్నది అది మొలిచే చోటు. బంజర్లు ప్లాట్లవుతున్నాయి, గట్లు చదునవుతున్నాయి, మిగిలిన బీడులో సర్కారు తుమ్మ పాకుతోంది. నగరాల్లో పండుగకు తంగేడు కట్టలు కొనుక్కోవాల్సి వస్తోంది. పూలు కోసేటప్పుడు కొమ్మ విరవకుండా గుత్తిని మాత్రమే తుంచడం, పొదకు కొన్ని గుత్తులైనా వదలడం వల్ల కాయ నిలుస్తుంది. వీధి చివర, చెరువు కట్ట మీద, బడి ప్రహరీ వెంట వరుసగా పెంచితే పండుగ పూలకూ తుమ్మెదలకూ కలిసి వస్తుంది.

విదేశాల్లోని తెలుగువారికి ఒక మాట. దేశవాళీ అన్నది నేలను బట్టి మారుతుంది. విత్తనాలు దేశం దాటించడానికి మొక్కల క్వారంటైన్ నిబంధనలు వర్తిస్తాయి, పైగా కొత్త చోట పరాయి మొక్క కలుపుగా మారే ప్రమాదమూ ఉంది. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉండేవారికి అక్కడి స్థానిక జాతులు సెన్నా హెబెకార్పా, సెన్నా మారిలాండికా అందుబాటులో ఉన్నాయి. చలికాలంలో పైభాగం ఎండిపోయి వసంతంలో వేరు నుంచి లేచే బహువార్షికాలవి. పసుపు పూలు, మకరందం లేని పువ్వు, ఆకు మీద తియ్యని గ్రంథి అన్నీ తంగేడులాగే. కంపనం చేసే పని అక్కడ బంబుల్ తేనెటీగలది, ఆకు తినే వంతు క్లౌడ్‌లెస్ సల్ఫర్ సీతాకోకచిలుక గొంగళ్ళది. పెంపకం సూత్రాలు కూడా చాలావరకు ఇవే: గింజ తోలు గీయడం, ఎండ ఉన్న చోటు, లోతైన వేరుకు తగిన జాగా, పురుగుమందు లేని తోట.